ఇరవై రెండో పైపు

ఆమె అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఊళ్లో అందరికీ ఆమె మోటారక్క. ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్క అనే పిలిచేవారు. బోర్లలోంచి మోటార్లు పైకి లాగడం, బాగుచేయడం, మళ్లీ దించడం ఆమె పని. అది తండ్రి నుంచి వచ్చింది. ఒకసారి గొలుసు జారి ఆయన కుడిచేతి మూడు వేళ్లు నలిగిపోయాయి. అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. అప్పటికే ఒప్పుకున్న పనులు నాలుగు ఉన్నాయి. ఆయన పక్కన నిలబడి చెబుతుంటే ఆమె చేసింది. నాలుగూ అయ్యాక అయిదో పని ఎవరు చేయాలన్న ప్రశ్న ఇంట్లో రాలేదు.

తండ్రి పోయాక పొలం అన్నయ్యకు వెళ్లింది. మూడుకాళ్ల స్టాండు, గొలుసు, పానాల పెట్టె ఆమెకు వచ్చాయి. "భూమి పైన నాది, కింద నీది. ఎవరి వాటా పెద్దదో తేల్చుకో," అని అన్నయ్య నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజుల్లో వాళ్లిద్దరికీ నవ్వుకోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

ఆమె షెడ్డు బస్సుల రోడ్డు పక్కన ఉండేది. మూడువైపుల ఇటుక గోడ, నాలుగో వైపు ఇనుప షట్టరు. లోపల రాగి తీగ చుట్టలు, గ్రీజు డబ్బాలు, బాగుచేసిన మోటారును ముంచి తిప్పి చూసే సిమెంటు తొట్టి. భర్త వ్యాను నడిపేవాడు, స్టాండు పాతేవాడు, గొలుసు లాగేవాడు. మాటలు తక్కువ. హారను కొడితే అన్నానికి రమ్మని, రెండుసార్లు కొడితే పనికి బయలుదేరమని అర్థం.

తొట్టి పైన చెక్క అలమరలో ఆమె నోటుపుస్తకాలు ఉండేవి. ప్రతి బోరుకూ ఒక పేజీ. ఏ రోజున ఎన్ని పైపులు దించిందీ, నీళ్లు ఎన్నో పైపు దగ్గర తగిలిందీ రాసుకునేది. ఊరిని ఉద్ధరించడానికి కాదు. లాగేటప్పుడు పైపులు ఎన్నున్నాయో తెలియాలి. చివరిది అయిపోయిందనుకుని పట్టు వదిలితే మోటారు అడుక్కు పోతుంది, ఆమె పరువూ దాంతోపాటే పోతుంది. పైపు అంటే ఇరవై అడుగులు. తండ్రి కాలంలో తొమ్మిది పైపులతో సరిపోయిన బోరు పదకొండు అయ్యింది, పద్నాలుగు అయ్యింది, ఇరవై దాటింది. వేసవి మొదలైతే చాలు, "రెండు పైపులు దించాలక్కా" అంటూ మనుషులు షెడ్డు ముందు నిలబడేవారు. ఆమె దించేది. వాళ్ల ఇంటి మీద రెండో అంతస్తు లేచింది ఆ వేసవుల పుణ్యానే. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు.

ఆమెకు నలభై రెండేళ్లప్పుడు ఊళ్లోకి ఒక సారు వచ్చాడు. భూగర్భజలాల ఆఫీసు ఆయనది. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. భుజాన గుడ్డ సంచి, సంచి నిండా రాళ్లు. ఎక్కడ గుంత తవ్వినా దిగి చూసేవాడు, రాయిని సుత్తితో పగలగొట్టి నీళ్లు చల్లి ఎండకు పట్టి చూసేవాడు. మూడో రోజుకే రాళ్ల సారు అన్న పేరు స్థిరపడింది. నేల కింద నీళ్లు ఏ రాతిలో, ఎంత లోతున, ఏ వైపు నిలిచి ఉన్నాయో పటం గీయడానికి వచ్చానని ఆయన చెప్పాడు. జనం మర్యాదగా విన్నారు. బోరు ఎంత లోతు అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, రెండు వందల తొంభై అడుగులు. బోరు వేయడానికి అనుమతి మూడు వందల అడుగుల వరకే ఉంది మరి.

రెండు నెలలు తిరిగి తిరిగి ఆయన షెడ్డుకు వచ్చాడు.

"ఈ చుట్టుపక్కల బోర్లన్నీ రెండు వందల తొంభై అడుగుల దగ్గర ఆగిపోయాయమ్మా. ఇంత క్రమశిక్షణ ఉన్న ఊరు నా సర్వీసులో చూడలేదు," అన్నాడు.

మోటారక్క తీగ చుడుతూనే ఉంది. "దానికి నేనేం చేయను సారూ?"

"మీ దగ్గర పుస్తకాలున్నాయట. ఒకసారి చూడనిస్తారా?"

"పక్కింటాయన మందుల చీటీ చూపించమని మీరు డాక్టర్ని అడిగితే చూపిస్తాడా?"

సారు సంచిలోంచి సుద్దముక్క తీశాడు. "చూపించడు," అని ఒప్పుకున్నాడు. సుద్దముక్కతో గోడ మీద ఫోన్ నంబరు రాసి వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత కింది వీధి బడి నుంచి పిలుపొచ్చింది. బడి వెనక ఉన్న బోరు బడికీ, ఆ వీధిలో నలభై ఇళ్లకూ నీళ్లిస్తుంది. ఆ ఏడాది ఆమె దాన్ని లాగడం అది మూడోసారి. మోటారు ఇరవై నాలుగు పైపుల మీద వేలాడుతోంది. బోరు లోతే ఇరవై అయిదు.

"ఇంకో రెండు దించలేవా అక్కా?" అని పెద్ద పంతులమ్మ అడిగింది.

"దించడానికి చోటు లేదమ్మా. బోరు అక్కడికి అయిపోయింది."

"మరి నీళ్లు?"

లోపల ఎవరో కుళాయి తిప్పారు. గాలి బుసకొట్టి ఆగిపోయింది. పంతులమ్మ పిల్లల్ని ఇంటి నుంచి సీసాలతో నీళ్లు తెచ్చుకోమని చెప్పడానికి తరగతి గదుల వైపు వెళ్లింది. ఆమె అరుస్తుందనో, తిడుతుందనో మోటారక్క అనుకుంది. అలా చేసినా కొంత తేలికగా ఉండేది.

షెడ్డుకు తిరిగొచ్చాక గోడ మీది నంబరుకు ఫోన్ చేసింది. "పేర్ల మీద కాగితం అంటించి ఇస్తాను సారూ. బోరు ఎక్కడుందో మాత్రం చూపిస్తాను," అంది. ఆ పేర్లు కప్పడానికి మొగుడూ పెళ్లాలకు రెండు రోజులు పట్టింది. ఇరవై మూడేళ్ల పుస్తకాలవి.

తర్వాతి అయిదు నెలలు ఆమె పని లేని రోజుల్లో సారుతో తిరిగింది. ఆయన మీటర్లలో మాట్లాడేవాడు, ఆమె పైపుల్లో. నెల తిరిగేసరికి ఆయన కూడా పైపుల్లోకి దిగాడు. నీళ్లు ఎంత కింద ఉన్నాయో కొలిచే టేపు ఒకటి ఆయన దగ్గర ఉండేది. బోరులోకి వదిలితే దాని కొన నీటిని తాకగానే చేతిలోని టేపు చుట్ట కూత పెడుతుంది. అంతవరకూ మోటారు లాగినప్పుడు తడి గుర్తును బట్టి అంచనా కట్టిన ఆమెకు ఆ టేపు నచ్చింది. బడి పిల్లలు కొత్త పెన్నును పట్టుకున్నట్టు దాన్ని పట్టుకునేది.

సారు నేలలో నాలుగు ఇనుప మేకులు వరసగా దిగ్గొట్టి కరెంటు పంపి, మీటరు చూసి రాసుకునేవాడు. తడి ఉన్న రాతిలో కరెంటు తేలిగ్గా పోతుంది, పొడి రాతిలో పోదు. ఒక మధ్యాహ్నం రోడ్డు కోసిన గట్టు దగ్గర కూర్చుని ఆమెకు విడమరిచి చెప్పాడు.

"పైన అరవై డెబ్బై అడుగుల దాకా చివికిన రాయి. స్పాంజి లాంటిది. మీ నాన్నగారి కాలంలో నీళ్లు అందులో ఉండేవి. ఇప్పుడది ఎండిపోయింది. కింద ఉన్నదంతా గట్టి రాయి. నీళ్లు దాని బీటల్లోనే ఉంటాయి. గోడ పగిలితే చెమ్మ ఆ బీట వెంటే పాకుతుంది చూడండి, అంతే."

"అంటే ఒకే బీట మీద ఉన్న బోర్లకు ఒకే నీళ్లన్నమాట."

"అంతే. ఇంకోటి చూడండి." గట్టులో నిలువుగా దిగిన నల్లరాతి పట్టీని చూపించాడు. రెండు బారల వెడల్పు, ఒక్క పగులు లేదు. "ఇది నేల కింద గోడ. ఈ పక్క నీళ్లు ఆ పక్కకు పోవు. ఈ గోడ ఉత్తరం నుంచి దక్షిణానికి మీ ఊరి మధ్యలోంచి వెళ్తోంది."

పటం మీద నల్లరాయిని నల్ల పెన్సిలుతోనూ, బీటను నీలి పెన్సిలుతోనూ గీశాడు. నీలి గీత మిట్ట మీది నారింజ తోట దగ్గర మొదలై బడి కింది దాకా వెళ్లింది. ఆ తోటలో పద్నాలుగు వందల చెట్లున్నాయి. అక్కడి బోరులో మోటారు ముప్పై ఒక్క పైపుల మీద ఉంది. పేరు మీద కాగితం అంటించినా ఆ పేజీ ఎవరిదో ఆమెకు తెలుసు. ముప్పై ఒకటో పైపు దించింది ఆమే. తోట అన్నయ్యది.

సారుకు కూడా తెలిసే ఉంటుంది. "ఇది ఊహే. పరీక్ష చేస్తేగానీ చెప్పలేను," అన్నాడు.

పరీక్షకు ఆ చుట్టుపక్కల ఉన్న మోటార్లన్నీ మూడు రోజులు ఆపాలి. నీళ్లు స్థిరపడ్డాక తోట మోటారు ఒక్కటే నడపాలి, మిగతా బోర్లలో టేపుతో కొలవాలి. అన్నయ్య ఒప్పుకోడని అందరూ అనుకున్నారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

"నా గట్టుకు అరవై గజాల్లో పక్క రైతు బోరుంది. నేను ఎంత తోడినా దానికి ఇసుమంత తగ్గలేదు. అర కిలోమీటరు అవతలున్న బడికి నా వల్ల తగ్గుతుందా? చేయండి సారూ. ఈ నింద నాకు పోతుంది," అన్నాడు.

బడికి సెలవులు. నాలుగో రోజు ఉదయం తొమ్మిదికి మోటారక్క భర్త తోటలో స్విచ్చి వేశాడు. సారు పక్క రైతు బోరు దగ్గర కూర్చున్నాడు. బడి వెనక చిన్న స్టూలు వేసుకుని, టేపుతో మోటారక్క కూర్చుంది. పంతులమ్మ గుమ్మం దగ్గర ఏవో రిజిస్టర్లు సర్దుకుంటోంది. ఇంకెవరూ లేరు.

మొదటి అంకె నూట అయిదు మీటర్లు. అరగంట దాకా అదే అంకె. నలభై నిమిషాలకు నాలుగు సెంటీమీటర్లు దిగింది. చేతి తప్పేమోనని మళ్లీ వదిలింది. అదే. గంటకు ఇరవై ఒక్క సెంటీమీటర్లు. పదకొండున్నరకు అర మీటరు దాటింది.

ఆ టేపు ఏం చెబుతోందో ఆ సమయానికి లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. నూట అయిదు అని మళ్లీ మళ్లీ రాస్తే అడిగేవాళ్లు లేరు. అన్నయ్య నింద పోతుంది. ఆ ఆలోచన వచ్చిందని తర్వాత ఆమే భర్తకు చెప్పింది. ఎంతసేపు ఉందో చెప్పలేదు. పెన్ను ఆగిన చోట సిరా చుక్క పెద్దదై కాగితం అవతలికి దిగింది. ఆ పక్కనే ఆమె అసలు అంకె రాసింది. సాయంత్రం అయిదింటికి నూట ఎనిమిదిన్నర. పక్క రైతు బోరులో మాత్రం రోజంతా ఒక్క సెంటీమీటరు కూడా కదల్లేదు. అది నల్లరాయికి అవతల ఉంది.

వారం తర్వాత బడిలో పెద్ద తరగతి గదిలో సమావేశం జరిగింది. పెద్దవాళ్లు పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. సారు పటాన్ని నల్లబల్లకు తగిలించి అంకెలు చదివాడు. అన్నయ్య లేచాడు.

"బడి దగ్గర టేపు పట్టుకుంది ఎవరు?"

"నేనే అన్నయ్యా," అంది మోటారక్క వెనక బల్ల నుంచి.

"సరిగ్గా చూశావా?"

"రెండేసి సార్లు చూశాను."

ఆయన ఆమెను కాక పటాన్ని చూశాడు. "ఎనిమిదేళ్ల చెట్లు. వాటికి నోరు లేదు, బళ్లో కూర్చుని మాట్లాడటానికి," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రోడ్డు మీద ఎదురైతే అవతలి పక్కకు మారేవాడు. వదిన మాత్రం తల ఊపి వెళ్లేది.

ఆ వేసవిలోనే అన్నయ్య పట్నం నుంచి వేరే మెకానిక్కును పిలిపించి మోటారును ఇంకో మూడు పైపులు దించమన్నాడు. వచ్చినవాళ్లకు ఆ బోరు సంగతి తెలియదు. ముందు మోటారును పైకి తీయబోయారు. ఇరవై ఏడో పైపు దగ్గర బోరు కొంచెం వంకర. అక్కడ లాగి లాగి కేబులు తెంపారు, పైపు మర విరిచారు, మోటారు జారి ఇరుక్కుంది. ఒకరోజు కుస్తీ పట్టి, ఇది బయటికి రాదని చెప్పి బండెక్కారు. తోట ఎండలో ఉంది.

మూడో రోజు ఉదయం వదిన షెడ్డుకు వచ్చింది.

"మీ అన్నయ్య పంపలేదు. నేనే వచ్చాను అమ్మాయ్."

"ఆయనకు తెలుసా?"

"నేను చెప్పుల కోసం వెతుకుతుంటే గుమ్మంలో పెట్టి వెళ్లాడు. నోటితో చెప్పలేదు."

మోటారక్క బండి సర్దించింది. పాత లారీ బ్లేడు కోసి కాల్చి తండ్రి చేసిన గాలం ఒకటి ఉంది. దాన్ని పైపుల కొనకు బిగించి దించింది. కింద ఏముందో కంటికి కనపడదు. గొలుసుకు వచ్చే అదురును బట్టి గాలం ఎక్కడ తగిలిందో అరచేతికి తెలియాలి. మొదటి రోజు పదిహేడుసార్లు తగిలి జారింది. రెండో రోజు మధ్యాహ్నానికి పట్టింది. వంకర దగ్గర చిన్నగా తిప్పుతూ, వేలెడు వేలెడు చొప్పున లాగించింది. భర్త భుజాల మీద చొక్కా తడిసి ముద్దయింది. పొద్దు వాలేసరికి మోటారు నేల మీద ఉంది. అన్నయ్య రెండు రోజులూ పక్కనే నిలబడ్డాడు, పైపులు అందించాడు. పనికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ రాలేదు.

మర్నాడు బాగుచేసి తెచ్చి దించడం మొదలుపెట్టింది. ఇరవై రెండో పైపు బిగించాక జారకుండా క్లాంపు వేసి చేతులు తుడుచుకుంది.

"ఇక్కడితో ఆపుతున్నాను అన్నయ్యా."

"ముప్పై ఒకటి ఉండేవి."

"తెలుసు. నేనే దించాను. నీ నేల బడి కంటే మూడు పైపుల ఎత్తులో ఉంది. ఇక్కడ ఇరవై రెండంటే అక్కడ పంతొమ్మిది. మోటారు ఇక్కడుంటే నువ్వు ఎంత తోడినా బడి మోటారు మీద అయిదు పైపుల నీళ్లు మిగులుతాయి. అంతకంటే దించాలంటే నేను దించను. వేరేవాళ్లను పిలుచుకో."

"పిలిచిన వైభోగం చూశాం కదా," అంది వదిన.

"ఇరవై నాలుగు," అన్నాడు అన్నయ్య.

"ఇరవై రెండు."

ఆయన పైపుల కుప్ప మీద కూర్చున్నాడు. చాలాసేపు చెట్ల వైపు చూశాడు. "చెట్లన్నీ బతకవు."

"బతకవు. మూడో వంతు పోతాయి. ముప్పై ఒకటి దగ్గర ఉన్నా ఇంకో మూడేళ్లకు అన్నీ పోతాయి. సారు లెక్క కాదు, నా పుస్తకం లెక్కే చెబుతున్నాను."

ఆయన లేచి మోటారు పెట్టె తలుపు తెరిచాడు. "స్విచ్చి వేసి చూడు," అన్నాడు. అది ఒప్పుకున్నట్టే.

ఇదంతా విన్న రాళ్ల సారు లెవెలింగు సామాను తెప్పించి నల్లరాయికి తూర్పున ఉన్న పద్నాలుగు బోర్ల నోళ్ల ఎత్తులు కొలిచాడు. ఏ బోరులో ఎన్ని పైపుల దగ్గర మోటారు ఆగాలో పటం పక్కన రాశాడు. అన్నిటికీ కలిపి నేల కింద ఒకటే మట్టం. దానికంటే కిందికి ఎవరి మోటారూ పోకూడదు. ఎవరూ కొత్త బోరు వేయకూడదు. వానలయ్యాక టేపుతో కొలిచి, నీళ్లను బట్టి ఎవరెంత సాగు చేయాలో బళ్లోనే కూర్చుని తేల్చుకోవాలి. ఎండిన బోర్లలో మూడింటి చుట్టూ గుంతలు తవ్వి, రాళ్లూ ఇసుకా నింపి, వాన నీళ్లు వడగట్టి కిందికి పంపాలి.

చెప్పినంత సులువుగా జరగలేదు. మొదటి ఏడాది తొమ్మిది మందే ఒప్పుకున్నారు. టమాటా వేసే ఒకాయన ఒప్పుకుని కూడా పట్నం వాళ్లతో దొంగతనంగా నాలుగు పైపులు దించుకున్నాడు. ఆ నెల కొలతల్లో అది బయటపడింది. మోటారక్క ఆయన ఇంటికెళ్లి, "నీ బోరు నీకంటే నిజం చెబుతోంది," అంది. ఆయన ముఖం చిట్లించాడు గానీ పైపులు తీయించాడు. ఇంకొకాయన ఈనాటికీ ఒప్పుకోలేదు.

నీళ్లు పైకి రాలేదు. దిగడం ఆగింది. మూడో వేసవిలో బడి కుళాయి ఒక్కరోజు కూడా బుసకొట్టలేదు. అన్నయ్య తోటలో నాలుగు వందల ఎనభై చెట్లు కొట్టేశారు. మిగిలినవాటికి డ్రిప్పు పైపులు పరిచారు. కొట్టిన రోజు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదని వదిన చెప్పింది.

మోటారక్కకు పని తగ్గింది. తూర్పు వైపు బోర్లను దించేది లేదు, లాగేదీ తక్కువ. షెడ్డులో ఒక భాగాన్ని సైకిళ్లు బాగుచేసేవాడికి అద్దెకిచ్చింది. నెలకోసారి ముప్పై ఆరు బోర్లలో టేపు వేసి అంకెలు పంపే పని ఆఫీసువాళ్లు ఆమెకు ఇచ్చారు. "నువ్వే నీ పొట్ట కొట్టుకున్నావు," అని భర్త ఒకసారి అన్నాడు. ఆ ఏడాదికి ఆయన అన్న పెద్ద మాట అదే. ఆమె కాదనలేదు.

రాళ్ల సారు రిటైరయ్యే ముందు పటం మంచి ప్రతి ఒకటి చేయించి బడి వరండాలో తగిలించాడు. ఒక నెల మొదటి తేదీన ఆమె బడి బోరు కొలిచి టేపు చుట్టుకుంటుండగా అన్నయ్య వచ్చాడు. మనవరాలిని బడిలో చేర్చడానికి వచ్చాడట. పటం ముందు నిలబడి తన తోట ఎక్కడుందో వెతుక్కున్నాడు. తర్వాత తోటకు పైన మిట్ట అంచున తెల్లగా వదిలేసిన చోట వేలు పెట్టాడు.

"ఇక్కడేం గీయలేదే?"

"అక్కడ కొలవలేదు అన్నయ్యా. సారుకు టైము చాల్లేదు."

"అక్కడ రెండు పాడు బోర్లున్నాయి. నాన్న నీళ్ల ఆశతో బాగా లోతుకు వేయించి వదిలేసినవి. నీకు తెలియవు, నువ్వు అప్పటికి పుట్టలేదు."

"మూతలు తీయొచ్చా?"

"తుప్పు పట్టి ఉంటాయి. పానా తెచ్చుకో. శనివారం నేను చూపిస్తాను," అన్నాడు.

శనివారం అన్నయ్య, మోటారక్క, ఆమె భర్త ముగ్గురూ వెళ్లారు. ఒక బోరు పూడిపోయింది. రెండో దాంట్లో టేపు వదిలితే నూట రెండు మీటర్ల దగ్గర కూసింది. మోటారక్క తేదీ వేసి, పేజీకి పైన బోరు ఎవరిదో రాసే చోట తండ్రి పేరు రాసుకుంది.